మసి పూయని తాటాకు

మా నాన్న బీరువాలో పాత పంచాంగాల కింద ఒక సీడీ దొరికింది. దాని మీద స్కెచ్ పెన్నుతో ఆయన చేతిరాత: ‘ఊరి సంగతులు. అన్నీ టెక్స్ట్‌లో ఉన్నాయి.’ లోపల 43 ఫైళ్లు. కొన్ని తెరుచుకోలేదు. కొన్ని తెరుచుకుని, తెరుచుకోకపోయినా బాగుండేది అనిపించాయి.

మా బాబాయి విజయవాడ గవర్నర్‌పేటలో చాలాకాలం డీటీపీ షాపు నడిపాడు. ఆ ఫైళ్లలో మొదటి పదిహేడూ టైపు చేసింది ఆయనే. మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. తెలుగు పాఠాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా సర్దడం దాని పని. ఇద్దరూ ఒక మధ్యాహ్నం మా వరండాలో ల్యాప్‌టాపు ముందు కూర్చున్నారు. వాళ్ల వాదన నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. ఎవరి పక్షమూ కాదని చెప్పను. పూట పూటకీ పక్షం మారాను.

బాబాయి: నేను అప్పుడే మొత్తుకున్నాను. అన్నయ్యా, లేజరు ప్రింటు తీసి బైండు చేయించి పెడతాను, నీ మనవలు చదువుకుంటారు అన్నాను. వింటేనా! టెక్స్ట్ ఫైలు ఎప్పటికీ చెడదని ఎవడో చెప్పాడట. ఇదుగో, చెడలేదు. చదవడానికే లేదు.

అమ్మాయి: ఆ చెప్పినవాడు తప్పు చెప్పలేదు చిన్నతాతా. ఫైలు చెడలేదు. దాన్ని తెరిచేవాడికి చదవడం రావట్లేదు. రెండూ ఒకటి కాదు.

బాబాయి: నాకు రెండూ ఒకటే. తాళం చెడినా, తాళంచెవి పోయినా నేను వీధిలోనే గదా నిలబడేది.

అమ్మాయి: తాళంచెవి పోతే చేయించుకోవచ్చు. ముందు ఒక పని చేద్దాం, సీడీని మొత్తం కాపీ తీద్దాం. అసలుది పక్కన పెట్టి, కాపీ మీదే ఏ వేషాలైనా వేద్దాం. ఇంకో మాట, పిచ్చిగీతలు కనపడగానే ‘సేవ్’ మాత్రం కొట్టొద్దు. తెరిచి చూసినందుకు ఏ ఫైలూ పాడవదు. అర్థంకానిదాన్ని సేవ్ చేసినప్పుడే పాడవుతుంది.

(ఈ మాట అప్పుడు నాకు చాదస్తంగా వినిపించింది. చివరి ఫైలు దగ్గరికి వచ్చేసరికి దాని విలువ తెలిసింది.)

బాబాయి: సరే, ఈ ‘కథ.1’ నొక్కు. చూశావా! దేనితో తెరవమంటావు అని నన్నే అడుగుతోంది. సొంత ఫైలు సంగతి దానికే తెలియదు.

అమ్మాయి: కథ.1, కథ.2 అని పేర్లు పెట్టింది నువ్వేగా?

బాబాయి: డాస్ రోజుల అలవాటు. పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. అంతకన్నా చోటుండేది కాదు. నేను చుక్క తర్వాత కథ నంబరు వేసుకునేవాణ్ని.

అమ్మాయి: విండోస్ ఆ చుక్క తర్వాత ఉన్నదాన్నే ఇంటిపేరు అనుకుంటుంది. ‘1’ అనే ఇంటిపేరు దానికి తెలియదు. ‘ఓపెన్ విత్’ నొక్కి నోట్‌ప్యాడ్ చూపిస్తే సరిపోతుంది. పేరు మారినంత మాత్రాన లోపల ఒక్క అక్షరం కదలదు. దీనికి తిరకాసు కూడా ఉంది. ఈ మూడు ఫైళ్లు చూడు, పక్కన టీఎక్స్‌టీ అని బుద్ధిగా రాసి ఉంది. తెరిస్తే చెత్త. ఎందుకంటే ఇవి టెక్స్ట్ కావు.

బాబాయి: ఆ ముక్క ఎలా చెబుతున్నావు?

అమ్మాయి: హెక్స్‌లో చూస్తే ఫైలు మొదట్లోనే కులగోత్రాలు బయటపడతాయి. ఈ రెండింట్లో మొదటి రెండక్షరాలు పీ, కే. అంటే జిప్. ఆ పద్ధతి కనిపెట్టిన ఫిల్ కాట్జ్ అనే ఆయన పొడి అక్షరాలవి. ఇప్పటి వర్డ్ ఫైలు కూడా లోపల జిప్ మూటే. ఈ మూడోది పాత వర్డ్. దాని మొదటి నాలుగు బైట్లు హెక్స్‌లో డీ, సున్నా, సీ, ఎఫ్, ఒకటి, ఒకటి, ఈ, సున్నా అని ఉంటాయి. సున్నాని ఓ అనీ, ఒకట్లలో మొదటిదాన్ని ఐ అనీ, రెండోదాన్ని ఎల్ అనీ చదువుకో.

బాబాయి: డాక్... ఫైల్... ఓరి వీళ్ల దుంపతెగ.

అమ్మాయి: తాతయ్య వర్డ్ ఫైలుకి చేత్తో పేరు మార్చి టెక్స్ట్ అయిందనుకున్నాడు. పేరు వెనక్కి మారిస్తే తెరుచుకుంటాయి. ఇదుగో, వచ్చాయి.

నిజంగానే వచ్చాయి. మూడూ కరెంటాఫీసుకు రాసిన ఫిర్యాదులు. బాబాయి నవ్వలేదు.

బాబాయి: మరి ఇది? సైజు 12 కేబీ అంటోంది. తెరిస్తే తెల్లకాగితం.

అమ్మాయి: ఇది మాత్రం పోయినట్టే. లోపల అక్షరాలు లేవు, సున్నా బైట్లే ఉన్నాయి. సేవ్ చేస్తుండగా కరెంటు పోయుంటుంది. ఫైలు ఇంత పొడుగు అని డిస్కు చిట్టాలో రాసుకుంది, సరుకు రాసేలోపు ఆరిపోయింది. ప్లాటు రిజిస్టరైంది, ఇల్లు కట్టలేదు.

బాబాయి: నా షాపులో యూపీఎస్ ఉండేది.

అమ్మాయి: ఇది నీ షాపుది కాదులే, తర్వాతది. ఇలాంటి చిల్లర జబ్బులు ఇంకా ఉంటాయి. పాత హార్డ్‌డిస్కు తీసి కొత్త కంప్యూటరుకు తగిలిస్తే ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. అది ఫైలు తప్పు కాదు, పాత యజమాని పేరు మీద ఉందని అర్థం. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోయి, దారి మొత్తం 260 అక్షరాలు దాటితే కొన్ని ప్రోగ్రాములు మొరాయిస్తాయి. అలాంటివి నిమిషంలో తేలిపోతాయి. నాకు ఆసక్తి ఉన్నది ఇదుగో, దీని మీద. పేజీలన్నీ కలిసి ఒక్క వరసలో ఉన్నాయి చూడు, పేరా లేదు, గీరా లేదు.

బాబాయి: రైలుబండి లాగా పోతోంది పక్కకి. ఇదేమిటి?

అమ్మాయి: నువ్వు టైపు లోయరు పాసయ్యావుగా?

బాబాయి: హయ్యరు కూడా. ఇంగ్లీషూ తెలుగూ రెండూ.

అమ్మాయి: అయితే లైను చివర గంట మోగితే ఏం చేసేవాడివి?

బాబాయి: ఎడంచేత్తో లీవరు తోస్తే క్యారేజీ మొదటికొచ్చేది. ఆ తోపులోనే రోలరు తిరిగి కాగితం ఒక లైను పైకి జరిగేది. ఒక్క తోపులో రెండు పనులు. మా మాస్టారు ఆ తోపు చప్పుడు విని, ఎవడు వేగంగా కొడుతున్నాడో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

అమ్మాయి: ఆ రెండు పనులకీ కంప్యూటరులో రెండు అంకెలున్నాయి. క్యారేజీ వెనక్కి రావడానికి 13, కాగితం జరగడానికి 10. విండోస్ నీలాగే రెండూ చేస్తుంది. యూనిక్స్, లినక్స్ వాళ్లు కాగితం జరిగితే చాలన్నారు, ఒక్క 10 వేసి ఊరుకున్నారు. నోట్‌ప్యాడు ఏళ్ల తరబడి 13 కూడా కనపడితే తప్ప లైను తెంచేది కాదు. 2018లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తోగానీ దానికి ఆ బుద్ధి రాలేదు. ఇది ఎవరో లినక్స్ మీద టైపు చేసిచ్చిన ఫైలు, తెరిచిన ఈ నోట్‌ప్యాడేమో పాతది. కొత్తదానిలో తెరిస్తే పేరాలు వాటంతటవే విడిపోతాయి.

బాబాయి: అంటే మా టైపు మిషను చచ్చినా దాని లీవరు చావలేదన్నమాట.

(ఆయన గొంతులో మొదటిసారి కోపం తగ్గింది. కానీ వెంటనే లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చాడు. దాన్ని ముందే సిద్ధం చేసుకున్నాడని ఆ మడత చూస్తేనే తెలిసింది.)

బాబాయి: ఇప్పుడు అసలు కేసుకి రా. మీ తాత తర్వాత తర్వాత తనే ఇంట్లో కూర్చుని టైపు చేసుకున్నాడు చూడు, ఆ ఫైళ్లు. మొన్న నా పాత సిస్టంలో పేజ్‌మేకర్‌లోకి తెచ్చి ప్రింటు తీశాను. చదువు. నెత్తిన గీత ఉన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు. మళ్లీ ఏ, మళ్లీ డిగ్రీ. మధ్యమధ్యలో ప్లస్సూ మైనస్సూ కలిసిన గుర్తు. ఇది ప్లెయిన్ టెక్స్టట! దీనికంటే కోయభాష నయం.

అమ్మాయి: కాగితం ఇటివ్వు. మొదటి లైను... ఏ, డిగ్రీ, పేరాగ్రాఫు గుర్తు. అది ‘శ’. కాస్త ముందుకెళ్తే ఏ, డిగ్రీ, డిగ్రీ. అది ‘ర’. తర్వాత ఏ, డిగ్రీ, ముప్పావు గుర్తు. అది దీర్ఘం. తర్వాత ఏ, డిగ్రీ, సున్నాలో ఆర్. అది ‘మ’. ‘శ్రీరామ’ అని రాశాడు తాతయ్య.

బాబాయి: ...

అమ్మాయి: అలా చూడకు. ఇందులో గారడీ ఏమీ లేదు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఇంటి నంబర్లు ఇచ్చిన పట్టిక యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి సంచికలోనే తెలుగుకి ఒక వీధి ఇచ్చారు. 128 గడులు. ఆ నంబరుని ఫైల్లో దాచడానికి యూటీఎఫ్-8 అని ఒక పద్ధతి. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అని ఇద్దరు 1992లో న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, బల్ల మీద పళ్లెం కింద వేసే కాగితం మీద దాన్ని గీశారు. ఆ పద్ధతిలో ప్రతి తెలుగు ముక్కకీ మూడు బైట్లు. మొదటిది మనందరికీ ఒకటే. రెండోది రెండే రకాలు, ఒకటి హల్లులకీ అచ్చులకీ, ఇంకోటి ఎక్కువగా గుణింతాలకీ పొల్లుకీ. నీ పేజ్‌మేకర్‌కి ఒక బైటు అంటే ఒక అక్షరం. మూడింటినీ విడివిడిగా చదివింది. మొదటి బైటుకి దాని పట్టికలో ఉన్నది గీత పెట్టిన ఏ, రెండోదానికి డిగ్రీ, లేకపోతే ప్లస్ మైనస్. అంతే. అందుకే తెలుగు ఎప్పుడు ఇలా చెదిరినా ఆ ఏ, ఆ డిగ్రీ కనపడతాయి. అవి కనిపిస్తే నాకు సంతోషం, ఒక్క అక్షరం కూడా పోలేదని అర్థం. నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ కొట్టినప్పుడు కింద ఎన్‌కోడింగ్ అని చిన్న గడి ఉంటుంది, అందులో యూటీఎఫ్-8 ఎంచుకుంటే ఇదంతా ఇదుగో, ఇలా తెలుగైపోతుంది.

ఇరవై ఫైళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. చెరువు గట్టు మీద రావిచెట్టు నరికిన సంవత్సరం, మా ఊరికి మొదటి బస్సు వచ్చిన రోజు. మేం కాసేపు వాదన మరిచిపోయి చదువుకున్నాం. కాఫీలు వచ్చాయి.

బాబాయి: బాగుంది, తెరుచుకున్నాయి. ఒప్పుకున్నాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆ గడిలో యూటీఎఫ్-8 ఎంచుకోమని నీకెవరు చెప్పారు? ఫైలు చెప్పిందా?

అమ్మాయి: లేదు.

బాబాయి: ఎక్కడన్నా రాసి ఉందా లోపల?

అమ్మాయి: కొన్నిట్లో మొదట మూడు బైట్ల గుర్తు ఉంటుంది. బామ్ అంటారు. అది ఉంటే ఎక్సెల్‌కి కూడా తెలుగని తెలుస్తుంది, లేకపోతే సీఎస్‌వీ ఫైళ్లు దానిలో నీ కాగితం లాగే కనపడతాయి. కానీ వీటిలో లేదు.

బాబాయి: అంటే ఊహించావు.

అమ్మాయి: ఊహే. నోట్‌ప్యాడు కూడా ఊహిస్తుంది. ఒకప్పుడు భలే తప్పు ఊహించేది కూడా. విండోస్ ఎక్స్‌పీలో ‘బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్’ అని ఇంగ్లీషులో రాసి, సేవ్ చేసి మళ్లీ తెరిస్తే చైనా అక్షరాలో, డబ్బాలో తొమ్మిది వచ్చేవి. జనం దాన్ని కుట్ర అన్నారు. అది 18 బైట్ల వాక్యం. రెండేసి బైట్లు ఒక అక్షరమేమో అనుకుని తొమ్మిది చేసింది నోట్‌ప్యాడు. విస్టాలో సరిచేశారు.

బాబాయి: చూడు తల్లీ, నేను అంటున్నది అదే. ప్లెయిన్ టెక్స్ట్ అంటారు, అందులో ప్లెయిన్ ఏముంది? ఉత్తరం ఉంది, ఏ భాషో కవరు మీద రాయలేదు. కాగితం అలా కాదు. కాగితం మీద ‘శ’ రాస్తే అది ‘శ’లాగే కనపడుతుంది. దాన్ని ఎవడూ ఊహించక్కర్లేదు. ఇంకో సంగతి, నాకు ఫోనులో వచ్చింది, 2018లో. ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం మెసేజీగా వస్తే ఐఫోన్లు టపీమని పడిపోయాయి. లక్ష రూపాయల ఫోను, మన ఒక్క ‘జ్ఞా’కి తట్టుకోలేదు!

అమ్మాయి: నిజమే. ఆ ఏడాది ఫిబ్రవరిలో. జ, పొల్లు, ఞ, దాని తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఆ వరస వచ్చేసరికి బొమ్మ గీసే ప్రోగ్రాము తడబడి కూలిపోయేది. కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. కానీ తప్పు ఎవరిది? ‘జ్ఞా’దా, దాన్ని గీయలేని ఫోనుదా? ఆ మెసేజీ తీసుకెళ్లి వేరే కంప్యూటరులో తెరిస్తే శుభ్రంగా ‘జ్ఞా’ అనే ఉంది.

బాబాయి: నువ్వు ప్రతిసారీ తప్పు తెరిచేవాడి మీదికి నెడుతున్నావు.

అమ్మాయి: తాటాకు మీద గంటంతో రాసిన రోజున అక్షరం కనపడేదా? రంగు ఉండదు, గీత ఒక్కటే. మసి పూసి తుడిస్తే అప్పుడు ఆ గీతల్లో మసి నిలిచి అక్షరాలు తేలతాయి. మసి పూయని తాటాకు చూసి, ఇందులో ఏమీ లేదు, తాటాకు మోసం అంటావా?

బాబాయి: అనను. కానీ మసి ఇంట్లో దీపానికి దొరుకుతుంది. నీ ఎన్‌కోడింగు ఏ దీపానికి దొరుకుతుంది? సరే, ఇప్పుడు నా పదిహేడు ఫైళ్లు తియ్యి. వాటికి పూయి నీ మసి. చూద్దాం.

(ఇక్కడ మా అమ్మాయి కొంచెం వెనక్కి తగ్గింది. నాకు అది కనిపించింది. బాబాయికి ఇంకా బాగా కనిపించింది.)

అమ్మాయి: అవి కష్టం. అవి యూటీఎఫ్-8 కాదు, అసలు ఏ ప్రామాణికమూ కాదు. 1991లోనే భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ అని ఒక కోడు ఇచ్చింది. క అంటే ఏ లిపిలోనైనా అదే అంకె. అందరూ అది వాడుంటే ఈ గొడవే లేదు. మీ డీటీపీ వాళ్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల సీట్లలో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టారు.

బాబాయి: కూర్చోబెట్టక ఏం చేస్తాం? మాకు పేజీ కావాలి, రేపు పొద్దుటికల్లా పెళ్లి శుభలేఖ కావాలి. పేజ్‌మేకర్‌కి తెలిసింది 200 చిల్లర గడులు. మన గుణింతాలూ ఒత్తులూ లెక్కేస్తే వందలకి వందలు. అందుకని అక్షరాన్ని కోసుకున్నాం. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కొన్ని ఫాంట్లలో ‘మ’ కూడా ఒక్క ముక్క కాదు, ‘వ’ లాంటిదానికి పక్కన కొమ్ము తగిలించేవాళ్లం. సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటర్లకి ఇదేం కొత్త కాదు. వాళ్లూ కేసుల్లోంచి ముక్కలు ఏరుకునే కూర్చేవాళ్లు. తెలుగు పుస్తకాలన్నీ అలానే వచ్చాయమ్మా ఆ ఇరవై ఏళ్లూ. నీ యూనికోడు తెలుగు మామూలు కంప్యూటరులోకి వచ్చింది ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అప్పటిదాకా పుస్తకాలు ఆపుకోమంటావా?

అమ్మాయి: ఆపుకోమనను. అదే రోజుల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంకో దారి పట్టారు. రైస్ యూనివర్సిటీలో పుట్టింది, ఆర్‌టీఎస్ అన్నారు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక కట్టుబాటు, చిన్న ఎస్ అయితే స, పెద్ద ఎస్ అయితే శ. చూడ్డానికి బోడిగా ఉంటుంది. కానీ ముప్పై ఏళ్ల కిందట అలా రాసుకున్న పద్యం ఈ రోజుకీ ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. ఎందుకంటే 1967 నాటి ఆస్కీ పట్టికలో ఉన్న 128 గడులు దాటి వాళ్లు బయటికి పోలేదు.

బాబాయి: దాన్ని అచ్చేసి ఎవరింట పెళ్లికి పంచారు?

దీనికి మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. న్యాయంగా చెప్పాలంటే నా దగ్గరా లేదు.

బాబాయి: ఇంకోటి విను. నా దగ్గర ఈ కథలు పేజ్‌మేకర్ ఫైళ్లుగా ఉండేవి. అందులో ఫాంటు పేరు ఉండేది. మీ తాతే పట్టుబట్టి ‘టెక్స్ట్ ఓన్లీ’ చేయించాడు. అలా చేసినప్పుడు ఫాంటు పేరు ఊడిపోయింది. ముక్కలు మిగిలాయి, ముక్కలకి పేరు పెట్టే పట్టిక పోయింది. పోగొట్టింది ఎవరు? నీ ప్లెయిన్ టెక్స్టే గదా!

అమ్మాయి: ...ఇది ఒప్పుకుంటాను. తలా తోకా తీసేస్తేనే ప్లెయిన్ అనుకున్నారు. ఆ తలలోనే ఊరి పేరు ఉంది.

బాబాయి: ఒప్పుకున్నావు గదా, చాలు. మూసెయ్.

అమ్మాయి: మూయను. అప్పట్లో పేపర్ల వెబ్‌సైట్లు కూడా ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకునేవి. వాటిని యూనికోడులోకి తిప్పడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అని ఒక పనిముట్టు తయారుచేశారు. అలాంటి పట్టికలు నా దగ్గర ఏడెనిమిది ఫాంట్లకి ఉన్నాయి. నీ ఫాంటు వాటిలో ఏదో తెలిస్తే చాలు. కథల కోసం ఏ ఫాంటు వాడావు?

బాబాయి: ఇరవై ఐదేళ్ల కిందటి మాట. ఎన్ని వాడానో. శుభలేఖలకొకటి, కరపత్రాలకొకటి.

అమ్మాయి: సరే, ఇది చూడు. పదిహేడు ఫైళ్లలోనూ మొదటి లైను ఒక్కటే. అవే గుర్తులు, అదే వరస. చిన్న లైను. ఏమై ఉంటుంది?

బాబాయి కళ్లజోడు సవరించుకుని తెరకి దగ్గరగా వంగాడు. ఆయన చదవట్లేదు. వేళ్లు బల్ల అంచు మీద కదులుతున్నాయి, లేని కీబోర్డు మీద.

బాబాయి: మీ తాత శ్రీరామ రాయకుండా చాకలిపద్దు కూడా మొదలుపెట్టేవాడు కాదే. ఇది శ్రీరామ. ఇదుగో ఈ చివర రెండు గుర్తులున్నాయి చూడు, ఇది ‘వ’ ముక్క, ఇది కొమ్ము. ‘మ’ ఇది. రెండు ముక్కల ‘మ’ అంటే శుభలేఖల ఫాంటు కాదు. పుస్తకాల ఫాంటు.

అమ్మాయి: ఉండు. ఒక్కో పట్టికా పెట్టి చూస్తాను. ఏది పెడితే ఈ లైను ‘శ్రీరామ’ అవుతుందో అదే నీ ఫాంటు.

మొదటి పట్టికకి ‘జ్రిటాఘు’ అని వచ్చింది. రెండోదానికి ఇంకా ఘోరం. బాబాయి గొణుగుడు మొదలైంది. ఐదోదానికి తెర మీద ‘శ్రీరామ’ అని వచ్చింది. దాని కిందే ‘మా ఊరి బావి’.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఒత్తులు అక్కడక్కడ ఒక అక్షరం పక్కకి జరిగి కూర్చున్నాయి. ముక్కల పద్ధతిలో కొన్ని అక్షరానికి ముందు, కొన్ని వెనక కొట్టేవాళ్లట. ‘బస్తా’ కొన్ని చోట్ల ‘బత్సా’ అయింది. బాబాయి అవి చూసి, ప్రూఫులు నేను దిద్దుతాను, నువ్వు ముట్టుకోకు అన్నాడు.

అమ్మాయి: ఇప్పుడేమంటావు? నాలుగు వందల ప్రింటు పేజీలైతే చెదలు పట్టి ఉండేవి.

బాబాయి: నేను బతికుండబట్టి అది ‘మ’ అని తెలిసింది. నేను లేకపోతే?

అమ్మాయి: అందుకే ఇవన్నీ ఇప్పుడు యూటీఎఫ్-8 లోకి మార్చి పెడుతున్నాను. పక్కన ఇంకో చిన్న ఫైలు, ఇవి ఎప్పటివి, ఎవరు టైపు చేశారు, దేన్నుంచి తిప్పాం అని. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ.

బాబాయి: ఆ చిన్న ఫైలు తెరుచుకోకపోతే?

అమ్మాయి: అబ్బా, చిన్నతాతా!

బాబాయి: సరేలే. ఇంకోటేదో మిగిలింది అన్నావు?

43వ ఫైలు. అమ్మాయి దాన్ని చివరికి అట్టిపెట్టిందని నాకు అప్పుడు అర్థమైంది.

అమ్మాయి: దీనికి మాత్రం నా దగ్గర మసి లేదు. తెర మీద డబ్బాలు కనపడితే భయం లేదు, ఫాంటు లేదని అర్థం. ఆ ఏ, డిగ్రీ కనపడినా భయం లేదు. ఇవి ప్రశ్నార్థకాలు. తాతయ్య తెలుగులో టైపు చేసి, సేవ్ చేసేటప్పుడు కింద ఆన్సీ అని ఉంటే అలాగే ఉంచేశాడు. కొన్ని అక్షరాలు పోతాయి సుమా అని నోట్‌ప్యాడు ఇంగ్లీషులో అడిగి ఉంటుంది. ఆయన ఓకే కొట్టాడు. ఆన్సీ పట్టికలో తెలుగు లేదు గనక ఒక్కో ముక్కకీ ఒక్కో ప్రశ్నార్థకం రాసిపెట్టింది. ఇవి ‘శ’కి మారువేషాలు కావు, నిజం ప్రశ్నార్థకాలే. 2019 నుంచి నోట్‌ప్యాడు అడక్కుండానే యూటీఎఫ్-8లో దాస్తోంది. ఈ ఫైలుకి పదేళ్లు ఆలస్యం.

తెర మీద మొదటి లైన్లు ఇలా ఉన్నాయి:

???????
?????? ?????, 27-3-2009
? ???? ???????????

బాబాయి: తేదీ ఉందే!

అమ్మాయి: అంకెలు ఆస్కీలో ఉన్నాయి, అందుకని పోలేదు. కామాలు, ఖాళీలు, లైన్లు కూడా పోలేదు. అక్షరాలే పోయాయి.

బాబాయి: మొదటిది ఎన్ని?

అమ్మాయి: ఏడు.

బాబాయి: శ... పొల్లు, ర, గుడిదీర్ఘం, ర, దీర్ఘం, మ. ఏడేనా నీ లెక్కలో?

అమ్మాయి: ఏడే.

బాబాయి: శ్రీరామ. తర్వాత ఆరు, ఐదు. 2009 మార్చి 27... ఒరేయ్, ఆ పంచాంగాల కట్ట ఇలా పట్రా.

నేను తెచ్చాను. ఆయన పేజీలు తిప్పుతూ పెదాలు కదుపుతున్నాడు. ఆ రోజు ఉగాది. విరోధి నామ సంవత్సరం.

అమ్మాయి: విరోధి, ఆరు. ఉగాది, ఐదు. చిన్నతాతా!

బాబాయి: కింద ఒకటి, నాలుగు. అంటే ‘ఈ రోజు’. డైరీ అయ్యుంటుంది. ఆ తర్వాత పదకొండా? పదకొండు అక్షరాల మాట...

అమ్మాయి: అక్షరాలు కాదు, ముక్కలు. ఒత్తైతే పొల్లు ఒకటి, హల్లు ఒకటి. అక్కణ్నుంచి ఎవరి తరమూ కాదు. వేల మాటలకి పదకొండు ముక్కలుంటాయి.

బాబాయి: అన్నయ్య వాడే మాటలు వేలుండవు. దీన్నొక ప్రింటు తీసివ్వు.

అమ్మాయి: ప్రశ్నార్థకాలనా? ఎందుకు?

బాబాయి: వాటి మీద పెన్సిలుతో రాసుకోవచ్చు. లైనుకీ లైనుకీ మధ్య కొంచెం చోటు వదులు.